సల్వాజుడుం తీర్పు రాస్తే నక్సల్ మద్దతుదారు అయిపోతారా? జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారి మీద విమర్శల గురించి

ఓయూ_లా_కాలేజీ | 23 ఆగస్టు 2025, ఉదయం

నిన్న కొచ్చిలో కేంద్ర హోం మంత్రి అమిత్ షా గారు అన్న మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాలు నిలబెట్టిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారు నక్సలిజానికి సాయం చేశారట. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ ఉద్యమం సల్వాజుడుం. దాని మీద సుప్రీంకోర్టు జడ్జిగా ఆయన రాసిన తీర్పు రాకపోయి ఉంటే 2020 నాటికే నక్సలిజం అంతమైపోయేదట.

నేను హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేసే వకీలుని. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. ఆ తీర్పు 2011లో వచ్చినప్పుడు చదివాను, రాత్రి మళ్ళీ కూర్చుని చదివాను. నక్సలైట్లను వదిలేయమని అందులో ఒక్క వాక్యం కూడా లేదు. మావోయిస్టుల హింసను అణచడం ప్రభుత్వం బాధ్యతే అని స్పష్టంగా ఉంది. ఆ పనిని రాజ్యాంగానికి లోబడి చేయాలని, తర్ఫీదు పొందిన పోలీసులతో చేయాలని ఉంది. బెంచిలో ఇద్దరు జడ్జీలు, ఆయనా, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ గారూ. రెండో జడ్జి పేరు ఎవరూ ఎత్తరు. ఆయన ఇప్పుడు పోటీలో లేరు కాబట్టి.

అసలు కేసు ఏమిటో చాలామందికి తెలియదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్‌లో గిరిజన కుర్రాళ్ళను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకుంది. ఎస్పీఓలు అంటారు. 2011 నాటికి సుమారు 6,500 మంది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. ఐదో తరగతి పాసైతే ప్రాధాన్యం. రెండు నెలల ట్రైనింగ్ ఇచ్చి, చేతికి తుపాకీ ఇచ్చి, మావోయిస్టుల మీదికి పంపారు. ఈ వివరాలు పిటిషనర్లు అల్లినవి కావు, ప్రభుత్వమే అఫిడవిట్లలో రాసి ఇచ్చింది. దీన్ని ఆపమన్నందుకు ఒక మనిషిని నక్సల్ మద్దతుదారు అంటారా?

కృష్ణాతీరం | 23 ఆగస్టు, మధ్యాహ్నం

వకీలు గారూ, మీ ఆవేదన నిజాయితీగా ఉంది, కాదనను. కానీ ఒక్క మాట. ఆయన ఇప్పుడు జడ్జి కాదు, అభ్యర్థి. మెడలో కండువా లేకపోయినా నిలబెట్టింది పార్టీలే. ఎన్నికలో నిలబడిన మనిషి పాత నిర్ణయాల మీద ప్రశ్నలు వేయకూడదంటే ఎలా? నేను ఎన్డీయే వైపు మనిషిని, దాచుకోను. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో చంద్రబాబు గారి కాన్వాయ్ మీద మందుపాతర పేలిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మావోయిస్టులంటే మాకు పుస్తకాల్లో బొమ్మ కాదు.

ఉత్తరాంధ్ర_గళం | 23 ఆగస్టు, సాయంత్రం

నేను కృష్ణాతీరం అన్నతో ఏకీభవిస్తున్నాను. మాది అరకు దగ్గర. 2018 సెప్టెంబర్‌లో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని రోడ్డు మీద ఆపి కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే. గిరిజనుల హక్కుల గురించి మాట్లాడే పెద్దమనుషులు ఆ రోజు ఎక్కడున్నారో నాకు తెలియదు. బస్తర్‌లో గిరిజనులు తమను తాము కాపాడుకోవడానికి తుపాకీ పట్టుకుంటే దాన్ని కూడా లాగేసుకున్నారు అన్నది నా బాధ. బస్తర్‌లోని ఎర్రబోరు సల్వాజుడుం క్యాంపులో 2006లో నిద్రపోతున్న వాళ్ళ మీద పడి 30 మందికి పైగా చంపారు. ఆ క్యాంపులో వాళ్ళు కూడా గిరిజనులే కదా.

భద్రాద్రి_టీచర్ | 23 ఆగస్టు, రాత్రి

ఉత్తరాంధ్ర తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండు ఘటనలూ ఘోరాలే. వాటిని సమర్థించేవాడు మనిషి కాదు. కానీ ఎర్రబోరు ఇక్కడికి దగ్గర, నేను చూసింది కూడా చెప్పనీ.

నేను 2006 నుంచి పాత ఖమ్మం జిల్లా ఏజెన్సీలో పనిచేశాను. ఆ ఏడాది నుంచే చెర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లోకి ఛత్తీస్‌గఢ్ నుంచి గొత్తికోయ గిరిజనులు గుంపులు గుంపులుగా దిగారు. నెత్తిన మూట, చంకన పిల్ల, చేతిలో ఒక కోడి. ఎందుకొచ్చారని అడిగితే ఊరు కాలిపోయింది అనేవారు. ఎవరు తగలబెట్టారంటే కొందరు జుడుం అన్నారు, కొందరు ‘లోపలివాళ్ళు’, అంటే మావోయిస్టులు, అన్నారు, చాలామంది ఏమీ అనలేదు. క్యాంపుకి రాకపోతే నక్సలైట్ అని జుడుం వాళ్ళు కొట్టారు, క్యాంపుకి పోతే ఇన్ఫార్మర్ అని దళం వాళ్ళు చంపారు. ఒక ఇంట్లో అన్న ఎస్పీఓ, తమ్ముడు మావోయిస్టుల సంఘంలో. ఇద్దరి చేతిలోనూ తుపాకీ. ఆ తల్లి మా బడి వెనక గుడిసె వేసుకుని ఉండేది.

గిరిజనులు తమను తాము కాపాడుకున్నారు అంటున్నావు. 2005లో మొదలైనప్పుడు కొన్ని ఊళ్ళలో అలాగే మొదలైందేమో. ఏడాది తిరిగేసరికి ఊళ్ళు ఖాళీ చేయించి దోర్నపాల్ లాంటి క్యాంపుల్లో కుక్కడం మొదలైంది. దాన్ని ఆత్మరక్షణ అనడానికి నాకు నోరు రాదు.

వాళ్ళ పిల్లలు కొందరు నా దగ్గరే చదువుకున్నారు. గోండి తప్ప ఏమీ రాని పిల్లలకు ‘అ’ అంటే అమ్మ అని నేర్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ వయసు దాటిన వాళ్ళ అన్నలకు రెండు నెలల్లో ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం నేర్పామని ఎవరైనా చెబితే నేను నమ్మలేను.

ఓయూ_లా_కాలేజీ | 24 ఆగస్టు

టీచర్ గారూ, మీరు తెలియకుండానే తీర్పులో అసలు పాయింట్ పట్టుకున్నారు. ట్రైనింగ్ పట్టిక తీర్పులోనే ఉంది. చట్టం మొత్తానికి 24 పీరియడ్లు. మానవ హక్కులు, రాజ్యాంగం కలిపి 12. ఫోరెన్సిక్ పద్ధతులకు 6. బస్తర్ సంస్కృతి, ఆచారాలకు 9. ఒక్కో పీరియడ్ ఒక గంట. కోర్టు అడిగింది ఒక్కటే. ఐదో తరగతి చదివిన కుర్రాడు ఆత్మరక్షణ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఈ గంటల్లో అర్థం చేసుకోగలడా? నేను మూడేళ్ళు లా చదివి, పాతికేళ్ళు ప్రాక్టీసు చేసి కూడా ఆ సెక్షన్ల మీద ఇంకా తడబడుతుంటాను.

2004 నుంచి 173 మంది ఎస్పీఓలు చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. మామూలు పోలీసు జీతంలో చిన్న వాటా ఇచ్చి, అంతకంటే పెద్ద ప్రమాదంలోకి తోసి, చదువులేని పేదపిల్లల ప్రాణాన్ని చవగ్గా వాడుకున్నారని కోర్టు అన్నది. అందుకే రాజ్యాంగంలో సమానత్వం, జీవించే హక్కు ఇచ్చే 14, 21 అధికరణాలకు విరుద్ధం అంది. అంటే తీర్పు ఎస్పీఓల పక్షాన కూడా నిలబడింది. తుపాకులు వెనక్కి తీసుకున్న తర్వాత వాళ్ళ ప్రాణాలకు రక్షణ ఇవ్వాలని కూడా ఆదేశించింది. విమర్శించేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

కృష్ణాతీరం గారూ, అభ్యర్థిని ప్రశ్నించొద్దని నేను అనలేదు. ఆ తీర్పులో ఫలానా పేరా తప్పు అనండి, చర్చిద్దాం. ఆయన కూడా నిన్న అదే అన్నారు. అది తన సొంత తీర్పు కాదు, సుప్రీంకోర్టు తీర్పు అన్నారు. 40 పేజీలు చదివి ఉంటే హోం మంత్రి ఆ మాట అనేవారు కాదన్నారు. మంత్రితో నేరుగా వాదానికి దిగనన్నారు. అభ్యర్థిగా ఉండి ఇంత సంయమనం చూపే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

పాలమూరు_పిల్లగాడు | 24 ఆగస్టు

అన్నా, ఒక డౌట్. ఇది కాంగ్రెస్‌కు అనుకూలంగా ఇచ్చిన తీర్పని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. 2011లో కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్సే కదా?

ఓయూ_లా_కాలేజీ | 24 ఆగస్టు

మంచి ప్రశ్న తమ్ముడూ. ఛత్తీస్‌గఢ్‌లో రమణ్ సింగ్ గారి బీజేపీ ప్రభుత్వం, కేంద్రంలో మన్మోహన్ సింగ్ గారి యూపీఏ, హోం మంత్రి చిదంబరం గారు. సల్వాజుడుంకు ముందు నిలబడ్డ మహేంద్ర కర్మ కాంగ్రెస్ నాయకుడే, అప్పట్లో అసెంబ్లీలో ప్రతిపక్ష నేత. 2013 మేలో ఛత్తీస్‌గఢ్‌లోని జీరంఘాటీలో మావోయిస్టులు ఆయన్ని చంపేశారు. ఎస్పీఓల గౌరవ వేతనంలో కేంద్రం డబ్బూ ఉంది. ఆ డబ్బు ఆపమని తీర్పు కేంద్రాన్ని ఆదేశించింది. అంటే దెబ్బ రెండు పార్టీలకూ తగిలింది. యూపీఏ ప్రభుత్వం సంతోషించలేదు, మళ్ళీ కోర్టుకెళ్ళింది. ఆ నవంబర్‌లో ఆదేశం ఛత్తీస్‌గఢ్‌కే పరిమితమని కోర్టు స్పష్టత ఇచ్చింది.

ఇంకోటి. ఆ తీర్పుకు సరిగ్గా ఒక రోజు ముందు, 2011 జూలై 4న, ఇదే ఇద్దరు జడ్జీలు నల్లధనం కేసులో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేయమని ఆదేశించారు. యూపీఏ దాన్నీ ఎదిరించింది. 2014లో మోదీ గారి ప్రభుత్వం మొదటి కేబినెట్ సమావేశంలోనే ఆ సిట్ వేసి గర్వంగా ప్రకటించుకుంది. ఒకే బెంచ్, వరుసగా రెండు రోజులు. మొదటి రోజు దేశభక్తులు, రెండో రోజు నక్సల్ సానుభూతిపరులు ఎలా అవుతారు?

రిటైర్డ్_ఖాకీ | 24 ఆగస్టు, రాత్రి

నేను కరీంనగర్ వైపు కానిస్టేబుల్‌గా చేరి ఎస్సైగా రిటైరయ్యాను. 1990ల్లో ఆ జిల్లాలో పోలీసు ఉద్యోగం అంటే ఇంట్లో వాళ్ళు రోజూ టెన్షన్‌తో బతికేవాళ్ళు. కాబట్టి నన్ను ఎవరూ నక్సల్ మద్దతుదారు అనలేరు.

మన దగ్గర నక్సలిజం ఎలా తగ్గింది? 1989లో నక్సలైట్లను ఎదుర్కోవడానికి గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళం పెట్టారు. పెట్టిన కె.ఎస్. వ్యాస్ సారును 1993 జనవరిలో హైదరాబాద్‌లో చంపేశారు. అయినా ఆ దళం ఆగలేదు. ఎందుకంటే అది తర్ఫీదు, క్రమశిక్షణ ఉన్న దళం. మంచి జీతం, ఇన్సూరెన్స్, కుటుంబానికి భరోసా, అడవిలో నెలల తరబడి ట్రైనింగ్. చదువులేని ఊరి పిల్లగాళ్ళకు తుపాకులిచ్చి గెలవలేదు మనం. కోర్టు చెప్పింది కూడా అదే కదా, వృత్తి పోలీసులతో చేయండి అని. ఆ తీర్పు మన మోడల్‌ను తప్పుబట్టలేదు.

మా వాళ్ళు చేసినవన్నీ సక్రమమే అని నేను అనను. గ్రీన్ టైగర్స్, నల్లమల కోబ్రా అన్న నక్సల్ వ్యతిరేక ముఠాల పేర్లు మనమూ విన్నాం. ఆ పేర్లతో జరిగిన హత్యలు మా యూనిఫాం మీద మచ్చే. చట్టం బయట తుపాకీ ఎవరి చేతిలో పెట్టినా, చివరికి అది ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఇది నా సర్వీసులో నేర్చుకున్నది.

కృష్ణాతీరం | 25 ఆగస్టు

ఖాకీ గారూ, మీ సర్వీసుకు నమస్కారం. కానీ ఇప్పుడు బస్తర్‌లో గెలుస్తున్నది డీఆర్‌జీ, అంటే ఛత్తీస్‌గఢ్ పోలీసుల డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్. అందులో ఉన్నది స్థానిక గిరిజన యువకులు, లొంగిపోయిన మాజీ మావోయిస్టులు. మొన్న మే 21న అబూజ్‌మడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావును మట్టుబెట్టింది వాళ్ళే. స్థానికులు లేకుండా ఆ అడవిలో యుద్ధం గెలవలేమని తేలిపోయింది. మరి 2011లో స్థానికులను తప్పించిన తీర్పు నష్టం చేయలేదా?

ఓయూ_లా_కాలేజీ | 25 ఆగస్టు

ఇది ఇప్పటిదాకా వచ్చిన వాటిలో బలమైన వాదన, గౌరవంతో జవాబు చెబుతాను.

ఒకటి, తీర్పు స్థానికులను పోలీసులో చేర్చుకోవద్దనలేదు. అర్హత, ట్రైనింగ్, జీతం లేని తాత్కాలిక మనుషులను సాయుధ పోరాటంలో వాడొద్దంది. డీఆర్‌జీలో ఉన్నవాళ్ళు పోలీసు ఉద్యోగులు. వాళ్ళ పనితీరు మీద వేరే ప్రశ్నలున్నాయి, అది ఇంకో చర్చ.

రెండోదే అసలైనది. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్, తర్వాత ఒక చట్టం తెచ్చింది. పాత ఎస్పీఓలను సహాయక సాయుధ పోలీసులుగా పేరు మార్చి తీసుకుంది. జీతం పెంచింది. అది కోర్టు ధిక్కారమని పిటిషనర్లు వెళ్తే, చట్టం చేయడం ధిక్కారం కాదని ఈ ఏడాది మేలోనే సుప్రీంకోర్టు ఆ కేసు ముగించింది. అంటే ఆ కుర్రాళ్ళలో ఎక్కువమంది తుపాకీతోనే ఉండిపోయారు. మరి 2020 నాటికి పూర్తయ్యే పనిని తీర్పు ఎలా ఆపినట్టు? తీర్పు వల్ల పోలీసు బలగం తగ్గిందన్న లెక్క ఎక్కడుంది?

ఉత్తరాంధ్ర తమ్ముడికి కూడా ఇదే జవాబు. కేసు వేసిన ముగ్గురిలో ఒకరు మీ విశాఖలో ఉండే ఇ.ఎ.ఎస్. శర్మ గారు, కేంద్ర ప్రభుత్వంలో కార్యదర్శిగా చేసిన ఐఏఎస్. మిగతా ఇద్దరు సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ. శర్మ గారిని కూడా మావోయిస్టు అందామా?

డల్లాస్_తెలుగు | 25 ఆగస్టు

ఇక్కడ మా గ్రూపుల్లో కూడా ఇదే గొడవ. తీర్పులో చట్టం కంటే ఎకనామిక్స్ ఎక్కువగా ఉందని, ఉదారీకరణ విధానాల మీద ఉపన్యాసం ఇచ్చారని ఒక మిత్రుడు అంటున్నాడు. అది నిజమేనా?

ఓయూ_లా_కాలేజీ | 25 ఆగస్టు

నిజమే. వనరుల దోపిడీ, అసమానత, నీతి లేని ఆర్థిక విధానం గురించి చాలా పేరాలు ఉన్నాయి. నేను జడ్జినై ఉంటే అంత రాసేవాణ్ణి కాదు. ఆ భాగాన్ని విమర్శించేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ పేరాలన్నీ తీసేసినా ఎస్పీఓల మీద ఇచ్చిన నిర్ణయం అలాగే నిలబడుతుంది. అది 14, 21 అధికరణాల మీద నిలబడింది.

పైగా ఆ భాగాలు చాలావరకు ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2008 నివేదికను ఆధారం చేసుకున్నాయి. ఆ బృందంలో మన ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ గారు, పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ గారు ఉన్నారు. పోలీసు శాఖ నుంచి ప్రకాశ్ సింగ్ గారు, అజిత్ దోవల్ గారు కూడా ఉన్నారు. ఇప్పుడు జాతీయ భద్రతా సలహాదారుగా ఉన్న దోవల్ గారే. సల్వాజుడుం పద్ధతి మంచిది కాదని ఆ నివేదికే చెప్పింది.

భద్రాద్రి_టీచర్ | 26 ఆగస్టు

శంకరన్ గారి పేరు చూసి కళ్ళు చెమర్చాయి. మా ఏజెన్సీలో ఆ పేరు తెలియని పాత ఉద్యోగి లేడు.

పాలమూరు_పిల్లగాడు | 27 ఆగస్టు

18 మంది రిటైర్డ్ జడ్జీలు హోం మంత్రి మాటను తప్పుబట్టారు, జస్టిస్ చలమేశ్వర్ గారూ సంతకం పెట్టారు. మర్నాడే 56 మంది రిటైర్డ్ జడ్జీలు వాళ్ళను తప్పుబట్టారు, అందులో ఇద్దరు మాజీ చీఫ్ జస్టిస్‌లు. తల తిరిగిపోతోంది. ఎవరిని నమ్మాలి?

రిటైర్డ్_ఖాకీ | 27 ఆగస్టు

తమ్ముడూ, సంతకాలు లెక్కపెట్టకు. 56 మంది అన్నది జడ్జీలు రాజకీయాల్లో తలదూర్చొద్దని. ఆ తీర్పు నక్సలైట్లకు మేలు చేసిందా లేదా అన్నది తేల్చాలంటే తీర్పే చదవాలి.

కృష్ణాతీరం | 28 ఆగస్టు

ఒప్పుకుంటున్నాను. నిన్న రాత్రి సగం చదివాను. నక్సలైట్లను సమర్థించే తీర్పని ఇకనుంచి నేను అనను. దాని భాష నాకు నచ్చలేదు, ఓటు మాత్రం ఎన్డీయే అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్ గారికే పడాలని కోరుకుంటున్నాను. ఆయనా పెద్దమనిషే.

సుదర్శన్ రెడ్డి గారు తెలుగువాడు కాబట్టి తెలుగు పార్టీలన్నీ ఓటేయాలి అన్న వాదన మాత్రం నాకు ఎక్కలేదు. 1991లో పీవీ గారు నంద్యాలలో నిలబడితే ఎన్టీఆర్ గారు అభ్యర్థిని పెట్టలేదు, ఆ సందర్భం వేరు. అప్పుడు తెలుగు ప్రధానిని గెలిపించుకోవడం ప్రశ్న. ఇప్పుడు కూటమిలో ఉండి ఎదుటి అభ్యర్థికి ఓటేయమంటే ఎలా?

ఓయూ_లా_కాలేజీ | 28 ఆగస్టు

కృష్ణాతీరం గారూ, చదివి మాట మార్చుకున్నందుకు చేతులెత్తి నమస్కారం. నాకు కావలసింది ఇదే. మీ ఓటు మీ ఇష్టం. తెలుగువాడు కాబట్టి ఓటేయమని నేనూ అడగను. ఆకుల మైలారంలో రైతు ఇంట్లో పుట్టి, ఉస్మానియాలో లా చదివి, మన హైకోర్టు నుంచి గౌహతి చీఫ్ జస్టిస్‌గా, సుప్రీంకోర్టుకు వెళ్ళిన మనిషి కాబట్టి మాకు ఆయన మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమ ఆధారం కాదు, తీర్పే ఆధారం.

మోడరేటర్ | 7 సెప్టెంబర్

సుదర్శన్ రెడ్డి గారు లాలూ ప్రసాద్ గారిని కలిసిన విషయం మీద వచ్చిన 14 పోస్టులను వేరే చర్చకు మార్చాను. అక్కడ ఇరువైపుల నుంచీ వ్యక్తిగత దూషణలు ఉన్నవి తీసేశాను. ఇక్కడ తీర్పు గురించే మాట్లాడండి.

పాలమూరు_పిల్లగాడు | 9 సెప్టెంబర్, రాత్రి

ఫలితం వచ్చింది. రాధాకృష్ణన్ గారికి 452, సుదర్శన్ రెడ్డి గారికి 300. 767 ఓట్లు పడితే 15 చెల్లలేదు. ప్రతిపక్షం తమవాళ్ళు 315 మంది వచ్చారని చెప్పుకుంది, మిగతా ఓట్లు ఎటుపోయాయో. వైసీపీ ఎన్డీయేకు వేసింది. బీఆర్ఎస్ యూరియా కొరత మీద నిరసన అని అసలు ఓటే వేయలేదు. చాలా బాధగా ఉంది అన్నా.

ఉత్తరాంధ్ర_గళం | 10 సెప్టెంబర్

ఓడినా సుదర్శన్ రెడ్డి గారు హుందాగా ఫలితాన్ని అంగీకరించారు. నేను మొదటి రోజు అన్న మాట, తుపాకీ లాగేసుకున్నారు అన్నది, పూర్తిగా వెనక్కి తీసుకోలేను. ఎర్రబోరు నన్ను వదలదు. కానీ టీచర్ గారు చెప్పిన ఆ తల్లి కూడా ఇప్పుడు వదలడం లేదు. తీర్పు తెలుగులో ఎక్కడైనా ఉందా? ఇంగ్లీషు చట్టం భాష నాకు అర్థం కావడం లేదు.

ఓయూ_లా_కాలేజీ | 10 సెప్టెంబర్

నేనే మొదలుపెడతాను తమ్ముడూ. రేపటి నుంచి రోజుకు మూడు పేరాలు చొప్పున తేలిక తెలుగులో ఇక్కడే పెడతాను. ముందు ట్రైనింగ్ భాగం, తర్వాత ఆదేశాలు, చివర్లో ఆర్థిక విధానాల భాగం. ఎవరికైనా తప్పు కనిపిస్తే దిద్దండి. ఎస్పీఓకు మంచి తెలుగు మాట ఏముందో టీచర్ గారు చెప్పాలి. ‘ప్రత్యేక పోలీసు అధికారి’ అంటే ఆ కుర్రాడు నిజంగా అధికారి అనుకుంటారు.

భద్రాద్రి_టీచర్ | 10 సెప్టెంబర్

మా దగ్గర ఎవరూ అధికారి అనలేదు. కోయ కమాండో అనేవాళ్ళు. మీరు ఎస్పీఓ అనే ఉంచండి. మొదటిసారి వచ్చిన చోట వాళ్ళ జీతం, చదువు ఒక వాక్యంలో రాయండి, చాలు. ఆదేశాల భాగంలో ఇళ్ళు తగలబడ్డ మోర్‌పల్లి, తాడ్‌మెట్ల, తిమ్మాపురం ఊళ్ళ పేర్లు వస్తాయి కదా, సీబీఐ విచారణ చేయమన్న చోట. ఆ పేరా నాకు పంపండి, నేను రాస్తాను.